గీత పడని చోటు

ఆ సబ్‌వేలో పడుకున్నవాళ్ళకి తెల్లారేసరికి తల పక్కన గోడ మీద గీత పడుతుందని చెప్పుకునేవాళ్ళు.

తెల్లటి గీత, జానెడు పొడవు. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు నాలుగు. ఎవరు గీస్తారో తెలీదు. మంచి నిద్రలో ఉండగా ఒక చెయ్యి భుజం పట్టుకుని కుదుపుతుందట. మంచుగడ్డలాంటి చెయ్యి. "ఎవరదీ?" అంటే జవాబుండదు. చీకట్లో గోడ మీద గరగరమని ఒక చప్పుడు... అంతే. పొద్దున చూసుకుంటే గీత.

"లెక్క రాసుకుంటోంది, తనతో తీసుకెళ్ళాల్సినవాళ్ళని," అనేవాడు స్టేషన్ ముందు టీకొట్టువాడు, గ్లాసులు కడుగుతూ. నువ్వు చూశావా అని అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడు. దెయ్యాల సంగతి అంతే కదా. చూసినవాడు నోరు విప్పడు, చూడనివాడు నోరు మూయడు.

రైలు పట్టాల కింద నుంచి పోతుంది ఆ దారి. ఇటు స్టేషను, అటు పెద్దాసుపత్రి. ఇరవయ్యారు మెట్లు దిగాలి, అవతల మళ్ళీ అన్నీ ఎక్కాలి. నాలుగు లైట్లలో రెండే వెలుగుతాయి. వానాకాలమైనా చలికాలమైనా గోడల పలకల మీద చెమట పట్టి ఉంటుంది. ఆ పలకల నిండా గీతలే. ఒక్కచోట తప్ప.

రెండో లైటు కింద, మనిషి పడుకునేటంత జాగా... అక్కడ గోడ మీద ఒక్క గీత లేదు. పోయిన చలికాలం అక్కడే ఒకావిడ పడుకుని మళ్ళీ లేవలేదు. ఆ తరవాత నుంచే గీతలు మొదలయ్యాయి.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినమ్మాయి లాండ్రీలో పనిచేస్తుంది. చర్చి సంఘంలో అందరూ ఆమెని లాండ్రీపిల్ల అనే పిలుస్తారు.

ప్రతి శుక్రవారం రాత్రి చర్చి వాళ్ళ పాత వ్యాను బయల్దేరుతుంది. అందులో నలుగురు. నడిపేది డ్రైవరు బాబాయి. పెత్తనం పాస్టరమ్మది. పుళ్ళకీ దగ్గులకీ కాంపౌండరు తాత. దుప్పట్లకి లాండ్రీపిల్ల. దాతలిచ్చిన దుప్పట్లు ఉతికి, ఆరేసి, లాండ్రీ బట్టల్లో కలిసిపోకుండా మూలన ఆకుపచ్చ దారంతో చిన్న శిలువ గుర్తు కుడుతుంది. ఆ కుట్టు ఆమెది. మరెవరికీ రాదు, నేర్పలేదు కూడా.

వాళ్ళకో నియమం ఉంది. పడుకున్నవాళ్ళని లేపకూడదు. దుప్పటి భుజాల దాకా కప్పాలి, మొహం మీదికి లాగకూడదు, రొట్టె తలవైపు పెట్టాలి, మనసులో ప్రార్థన చేసుకుని చప్పుడు కాకుండా వచ్చెయ్యాలి.

"వీధిలో పడుకునేవాళ్ళకి దొరికేదే పిసరంత నిద్ర. దాన్ని చెడగొట్టి మన రొట్టె చూపించుకుంటే అది సేవ కాదు, డాబు," అంటుంది పాస్టరమ్మ.

న్యాయమైన మాటే. న్యాయమైన మాటలతోనే వచ్చింది చిక్కంతా. ఎక్కడ ఆపాలో అవి చెప్పవు.

పోయిన చలికాలం ఆ రెండో లైటు కింద పడుకున్నావిడకి దుప్పటి కప్పింది లాండ్రీపిల్లే. మూల సర్దుతుంటే ఆవిడ కళ్ళు తెరవకుండానే గొణిగింది.

"లేపమ్మా..."

నిద్రలో పలవరింత అనుకుంది. చెయ్యి భుజం దాకా వెళ్ళి ఆగింది. నియమం గుర్తొచ్చింది. రొట్టె పెట్టి, ప్రార్థన చేసి, మెట్లెక్కేసింది.

పొద్దున ఊడ్చేవాళ్ళు చూసేసరికి ఆవిడ కట్టెలా ఉంది. ఒళ్ళు కాలే జ్వరంతో ఆ చలిలో పడుకుందట. సంఘంలో అందరూ తల వంచి ప్రార్థన చేశారు. ప్రభువు పిలుచుకున్నాడు అన్నారు.

ప్రభువు పిలిచాడు, సరే. ఆవిడ పిలిచింది మాత్రం తనని. ఆ మాట లాండ్రీపిల్ల ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు.

వ్యాను కూడా మళ్ళీ ఆ మెట్ల దగ్గర ఆగలేదు.

ఈ రాత్రి వాన. రోడ్డు మీద నీళ్ళు నిలిచి, బండి రెండుసార్లు మొరాయించి, స్టేషను దగ్గరకి వచ్చేసరికి మూడు గంటలు ఆలస్యం. అరుగుల మీద ఒక్క పురుగు లేదు.

"బరువు తాత ఏడీ?" అని అడిగింది లాండ్రీపిల్ల, వ్యాను తలుపు తీసి.

బరువు తాతంటే తూకం మిషను ముందు పెట్టుకుని కూర్చునే ముసలాయన. ప్రతి శుక్రవారం ఆమెని దానిమీద నిలబెట్టి, "పోయినవారం కన్నా తగ్గావే. దుప్పట్లకి పెట్టే సబ్బు కాస్త నువ్వు కూడా తింటున్నావా?" అని వేళాకోళం ఆడి గానీ రొట్టె తీసుకోడు.

టీకొట్టువాడు గడ్డంతో సబ్‌వే వైపు చూపించాడు. "వాన తట్టుకోలేక దిగాడు. వద్దంటే విన్నాడా? దెయ్యమున్నా తడవకుండా ఉండొచ్చు కదరా అన్నాడు."

వ్యాను వైపరు కీచుమంటూ కొట్టుకుంటోంది.

"దిగుదాం," అంది లాండ్రీపిల్ల.

"వ్యానుకి మెట్లు దిగడం రాదమ్మా," అన్నాడు డ్రైవరు బాబాయి.

"మీకొచ్చుగా బాబాయ్."

"నేను బండి వదిలితే మళ్ళీ స్టార్టవదు. నీకు తెలీనిదేముంది."

"ఆడపిల్లవి, ఆ చీకట్లోకి ఎందుకు," అంది పాస్టరమ్మ మెల్లిగా. "రొట్టె టీకొట్టులో ఇచ్చి వెళ్దాం. పైకొచ్చాక తింటాడు."

"అమ్మగారూ, ఒక్కమాటంటా, కోప్పడకండి. ప్రభువు సమాధుల మధ్య తిరిగే దెయ్యం పట్టినవాడి దగ్గరికి కూడా వెళ్ళాడని మీరే కదా ఆదివారం చెప్పారు? మనకేమో ఏడాదిగా ఇరవయ్యారు మెట్లు కష్టమయ్యాయి. దెయ్యానికి భయపడి బతికున్నవాళ్ళని వదిలేస్తే, అక్కడ దెయ్యమెవరో నాకు అర్థం కావడం లేదు."

పాస్టరమ్మ మొహం చిన్నబోయింది. కాంపౌండరు తాత దగ్గి, టార్చి తీశాడు. "పద. నా మోకాళ్ళతో నేను వెనకాలొస్తా. నువ్వు ముందు నడువు."

ఆమె గట్టిగా మాట్లాడిందే గానీ, మెట్టు మెట్టుకీ కాలు బరువెక్కుతోంది. చంకలో దుప్పటి, చేతిలో రొట్టె పొట్లం.

పది మెట్లు... పదిహేను... పైన వాన చప్పుడు సన్నగిల్లింది. తన చెప్పుల చప్పుడు మాత్రం ముందు నుంచి ఎవరో వస్తున్నట్టు తిరిగి వినిపిస్తోంది.

కింద తడి వాసన. గోడల నిండా గీతలు. ఒకటి, మూడు, ఏడు... వేళ్ళతో గీకినట్టు.

మొదటి లైటు దాటింది. రెండో లైటు కింద ఖాళీ జాగా. అటు చూడకుండా గోడ వారగా నడిచింది. మూడో లైటు మాడిపోయింది. దాని కింద, తూకం మిషనుని గుండెలకి హత్తుకుని, బరువు తాత.

పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది. ఊపిరి ఆడుతోంది. హమ్మయ్య అనుకుంది.

దుప్పటి విప్పి భుజాల దాకా కప్పింది. మొహం మీదికి లాగలేదు. రొట్టె తలవైపు పెట్టింది. కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసుకుంది. చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది.

నాలుగడుగులు వేసింది. రెండో లైటు దగ్గరకి వచ్చింది.

"లేపమ్మా..."

పక్కనే. చెవి పక్కనే. బొంగురుగా, నిద్రమత్తుగా.

తల తిప్పి చూసింది. ఖాళీ జాగా. గీతల్లేని గోడ. పలకల మీంచి నీటిచుక్క ఒకటి జారుతోంది.

కాళ్ళు మెట్ల వైపు లాగుతున్నాయి. పరిగెత్తితే ఇరవయ్యారు మెట్లు ఎంతసేపు...

పోయినసారి కూడా అంతే కదా. ఎంతసేపు పట్టింది కనుక?

ఆమె వెనక్కే పరిగెత్తింది. బరువు తాత భుజం పట్టుకుని కుదిపింది. "తాతా! తాతా, లే!"

తల వేలాడిపోయింది. చేతికి తడి తగిలింది. వాన తడి కాదు, చెమట. ఆ చలిలో మెడంతా చల్లటి చెమట. పిడికిలి విప్పితే మాత్రల అట్ట, ఒక మాత్ర ఖాళీ.

"కాంపౌండరు తాతా! తొందరగా రండి!"

అప్పుడే ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది.

మంచుగడ్డలాంటి చెయ్యి.

మెల్లిగా తల తిప్పింది. పొడుగాటి మనిషి. మెడ చుట్టూ గట్టిగా చుట్టిన గుడ్డ. ఒక చేతిలో ఏదో తెల్లగా... మాట లేదు, పలుకు లేదు. ఆమెని పక్కకి తప్పించి, వంగి, ముసలాయన చెంపలు తట్టడం మొదలుపెట్టాడు.

టార్చి వెలుగు ఊగుతూ వచ్చి ఆ మొహం మీద పడింది.

"ఓరి నువ్వా," అన్నాడు కాంపౌండరు తాత రొప్పుతూ. "అమ్మాయ్, భయపడకు. మనిషే. ముందు వీడి సంగతి చూడు. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినలేదు, అదీ జరిగింది. తిన్నాక వేసుకోరా అంటే... మనం ఎప్పుడూ వచ్చే వేళకే వస్తామనుకుని ముందే మింగాడు. చక్కెర తియ్యి, సంచిలో ఉంది."

చక్కెర చిగుళ్ళకి రుద్దారు. మళ్ళీ రుద్దారు. మళ్ళీ. పొడుగాటి మనిషి ముసలాయన తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికో బరువు తాత పెదవి కదిలింది. ఇంకాసేపటికి కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "ఏం మనుషులమ్మా... నిద్ర కూడా పోనివ్వరు," అన్నాడు.

లాండ్రీపిల్ల నేల మీద చతికిలబడి ఏడ్చేసింది.

"ఇంకో అరగంట దాటితే వీడు మనకి దక్కేవాడు కాదు," అన్నాడు కాంపౌండరు తాత. పొడుగాటి మనిషిని చూపించాడు. "ఇతను దర్జీ. నేను రిటైరయ్యే ముందు మా వార్డులోనే ఇతనికి కట్టు కట్టేవాణ్ణి. ఏరా, నువ్విక్కడా?"

దర్జీ చేతిలో ఉన్నది బట్ట మీద కొలతలు గీసుకునే సుద్దముక్క. బరువు తాత మళ్ళీ ఏదో గొణగ్గానే, తల పక్కన గోడ మీద గరగరా ఒక గీత గీశాడు. దాని కింద వంకర అక్షరాలతో రాశాడు. కాంపౌండరు తాత టార్చి వేసి చదివాడు.

"పలికితే... గీస్తా."

గంట గంటకీ వచ్చి పడుకున్నవాళ్ళని కుదుపుతాడన్నమాట. పలికారా, గీత. పలకలేదా, ఎత్తుకుని ఆసుపత్రికి. దెయ్యం లెక్క అని ఊరంతా హడిలిపోయింది బతికున్నవాళ్ళ లెక్కకి.

దర్జీ చూపు ముసలాయన మీది కొత్త దుప్పటి మూలన ఆగిపోయింది. ఆకుపచ్చ శిలువ. వేలితో తడిమాడు. కుట్టు చూసి అది ఎవరి చేతిదో పట్టేసే పనివాడు. చంకలో మడతపెట్టి ఉన్న పాత దుప్పటి తీసి, మూల విప్పి, పక్కన పెట్టాడు.

అదే కుట్టు.

"నిరుడు ఇతను వార్డులో ఉండగా," కాంపౌండరు తాత గొంతు తగ్గించాడు, "ఇతని భార్య ఇక్కడే..."

"నాకు తెలుసు," అంది లాండ్రీపిల్ల.

దాచుకోవచ్చు. దుప్పట్లు ఎవరైనా కప్పుతారు. ఆమె లేచి నిలబడింది. "అది కప్పింది నేనే. ఆవిడ నన్ను లేపమంది. విన్నాను. లేపకుండా వెళ్ళిపోయాను."

వాన చప్పుడు పైన ఎక్కడో వినిపిస్తోంది. దర్జీ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కొడతాడేమో అనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

అతను ఆమె చెయ్యి తీసుకుని, అరచేతిలో సుద్దముక్క పెట్టి, వేళ్ళు మూశాడు. అవతల చివర చీకట్లో పడుకున్న ఇద్దరిని చూపించాడు.

ఆమె తలూపింది. "ఇందాక... నన్ను వెనక్కి పిలిచింది మీరే కదా? లేపమ్మా అని. మీరు పిలవకపోతే ఈయన్ని కూడా అలాగే వదిలేసేదాన్ని."

కాంపౌండరు తాత ఆమెని వింతగా చూశాడు. "పిలవడమేంటే? నిరుడే ఇతనికి గొంతు మొత్తం తీసేశారు. గుసగుస కూడా రాదు."

దర్జీ ముందు ఆమె నోటి వైపు చూశాడు, ఆ మాట మళ్ళీ అనమన్నట్టు.

"లేపమ్మా... అని. ఆడగొంతు. కాస్త బొంగురుగా. అదిగో, అక్కడ."

అతను ఆమె అరచేయి తెరిచి సుద్దముక్క వెనక్కి తీసుకున్నాడు. రెండో లైటు దాకా నడిచాడు. ఏడాదిగా ఎవరూ పడుకోని ఆ జాగాలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేల మీద చెయ్యి ఆనించి, ఎవరినో కుదిపినట్టు రెండుసార్లు మెల్లిగా తట్టాడు. చెవి ఒగ్గాడు.

తరవాత గోడ మీద, ఆ తడి పలక మీద, గరగరమని ఒక గీత గీశాడు.