తారుమారుగారి గ్రహణం

మొదటిసారి ఆమె మా షాపుకొచ్చింది నన్ను తిట్టడానికి.

కౌంటరు మీద ఒక జత కళ్లద్దాలు పెట్టి, "ఇవి ఎవరివి?" అంది.

"మీ నాన్నగారివి. మొన్ననే ఇచ్చాం కదండీ."

"కాదు. మా నాన్న అద్దం ముందు నిలబడితే లోపల కనబడతాడే, ఆయనవి. కుడికంటిది ఎడమవైపు, ఎడమకంటిది కుడివైపు బిగించారు. రెండు రోజులుగా ఆయన మెట్లు దిగుతుంటే ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని దింపుతున్నాం."

షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని నాది. "ఆరేళ్లలో ఇలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదండీ" అన్నాను.

"నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. తప్పు దొరికిన ప్రతివాళ్లూ ఈ మాటే అంటారు."

విప్పి మళ్లీ బిగించేదాకా ఎదురుగా నిలబడి చూసింది. ఆ తర్వాత వాళ్ల నాన్న ఫ్రేముకున్న మరలు వారానికోసారి వదులవడం మొదలైంది. మరలు అంత తరచుగా వదులవ్వవని ఆ పని చేసేవాడిగా నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. మేమిద్దరం 'మీరు' దాటి 'నువ్వు'లోకి వచ్చాం. వాళ్ల నాన్నతో మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు. ఆయన రిటైరైన రైలు డ్రైవరు. ముప్పై ఎనిమిదేళ్లు కంటిచూపును నమ్ముకుని బతికిన మనిషి. నాకు 'తారుమారుగారు' అని పేరు పెట్టారు.

"మా నాన్న నచ్చినవాళ్లని నువ్వంటారు, నచ్చనివాళ్లని మీరంటారు" అని ఆమె ముందే చెప్పింది. "నిన్ను మీరూ అంటున్నారు, పైగా గారూ తగిలించారు. ఎంత దూరంలో ఉన్నావో నువ్వే చూసుకో."

గ్రహణానికి ముందురోజు సాయంత్రం ఆమె షాపుకొచ్చింది. సూర్యుణ్ణి చూడటానికి మేం అట్టముక్కలకి నల్లటి ఫిల్ము అతికించి చేసిన అద్దాలు పన్నెండు కావాలంది.

"రేపు అందరం మా మేడ మీద చూస్తాం. నువ్వూ రా. సంపూర్ణ గ్రహణం అయ్యాక నాన్నకి మన సంగతి చెప్పేస్తాను. ఈ ఒక్కరోజూ ఏదీ తారుమారు చెయ్యకు."

"చెయ్యను" అంటూనే పన్నెండు జతలు లెక్కపెట్టి పెట్టెలో వేశాను. చేతులు లెక్కపెడుతున్నాయి గానీ, కళ్లు ఆమె మీదున్నాయి. తంటా అంతా అక్కడే వచ్చింది.

మర్నాడు మేడ మీద కుర్చీలు వేసేసరికి అందరూ వచ్చేశారు. వాళ్లమ్మా నాన్నా, పిన్నీ బాబాయీ, వాళ్ల కూతుళ్లిద్దరూ, అచ్చాఫీసు స్నేహితురాళ్లు ముగ్గురు. వాళ్ల నాన్న నడిపిన రైళ్లకి గార్డుగా పనిచేసిన స్నేహితుడొకాయన చేతిగడియారం చూసుకుంటూ పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆమె, నేను. మొత్తం పన్నెండుగురం.

"మొదలైంది" అన్నారు గార్డుగారు. "సంపూర్ణానికి ఇంకా గంటా పది నిమిషాలుంది."

అందరూ తలలెత్తారు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. మా షాపు ఓనరు మెసేజీ పెట్టాడు.

'షోకేసులో బొమ్మకి పెట్టిన గ్రహణం అద్దాలు కనబడట్లేదు. నువ్వు గానీ తీశావా?'

మెసేజీ రెండోసారి చదివాను.

బొమ్మకి పెట్టినవి ఉత్త నమూనా. ఫిల్ము రాకముందు జనానికి చూపించడానికని మామూలు నల్ల ప్లాస్టిక్కుతో నేనే చేశాను. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. అసలువి పెట్టుకుంటే సూర్యుడు తప్ప ఇంకేమీ కనబడదు. ఆ నమూనాలోంచి మాత్రం లోకమంతా కనబడుతుంది, ఎండా సూటిగా కంట్లోకి పోతుంది. కన్ను కాలుతున్నా నొప్పి తెలియదు. తర్వాతెప్పుడో చూపు మధ్యలో మచ్చ తేలుతుంది. నిన్న షోకేసు తుడుస్తూ దాన్ని తీసి కౌంటరు మీద పెట్టిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పెట్టె పక్కనే పెట్టాను.

నా అద్దాలు పెట్టుకుని అరచెయ్యి చూసుకున్నాను. కటిక చీకటి. నావి మంచివే. మిగిలినవి పదకొండు.

అప్పుడే గట్టిగా అరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా వెతికి తీసేద్దామనుకున్నాను.

"పిన్నిగారూ, ఒకసారి ఇస్తారా? గీతలేమైనా పడ్డాయేమో చూస్తాను."

"నావి బాగానే ఉన్నాయి బాబూ. సూర్యుడు కొరికిన బిస్కట్టులా ఉన్నాడు."

"ఒక్క క్షణమండీ."

మంచివే. బాబాయివీ మంచివే. కూతుళ్లిద్దరివీ లాక్కున్నంత పని చేసి చూశాను.

"అక్కా, ఈయనేంటి టికెట్ చెకింగులా తిరుగుతున్నారు?" అంది చిన్నది.

అచ్చాఫీసు వాళ్లలో ఇద్దరివీ మంచివే. అప్పుడు వాళ్ల నాన్న తన కళ్లద్దాల మీదుగా అట్ట అద్దాలు పెట్టుకుని నింపాదిగా తలెత్తడం కనిపించింది.

"ఆగండి సార్" అన్నాను. "అందరూ అద్దాలు తీసెయ్యండి. ఎవరూ పైకి చూడొద్దు."

పన్నెండింట్లో ఒకటి ఉత్త ప్లాస్టిక్కుదని చెప్పాను. ఎలా కలిసిందో చెప్పాను. పిన్ని కళ్లు నులుముకోసాగింది.

"ఏవండీ, మీకు కనబడుతోందా?" అంది వాళ్లమ్మ కంగారుగా.

"నువ్వు కనబడుతున్నావు, నీ కంగారూ కనబడుతోంది" అని ఆయన నావైపు తిరిగారు. "మీకెప్పుడు తెలిసింది?"

'ఇప్పుడే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆమె వైపు చూశాను. ప్రూఫు కాగితం చూసినట్టు కన్నార్పకుండా నన్నే చూస్తోంది.

"మూడు నిమిషాలైంది సార్. నెమ్మదిగా వెతికి తీసేద్దామనుకున్నాను. మీకు తెలిస్తే ఇంక నన్ను ఈ ఇంటి గడప తొక్కనివ్వరని భయమేసింది."

"నాలుగు" అన్నారు గార్డుగారు గడియారం చూస్తూ. "ఫోను చూసి మొహం పాలిపోయిన దగ్గర్నుంచి లెక్కేస్తే నాలుగు."

"నాలుగు నిమిషాల్లో రైలు ఎంత దూరం పోతుందో తెలుసా మీకు?" అన్నారు వాళ్ల నాన్న.

"తెలీదు సార్."

"తెలుసుకోండి. ముందు బ్రేకు వెయ్యాలి. భయం తర్వాత పడొచ్చు."

ఆయన మిగతా అద్దాలన్నీ తెప్పించి ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ తనే చూశారు. నావాటితో కలిపి పదకొండూ మంచివే. పన్నెండోది లేదు.

"నీవేవి?" అన్నాను ఆమెతో. పదిమందిలో ఉన్నామని మరిచిపోయి నువ్వనేశాను.

ఆమె హ్యాండుబ్యాగులోంచి తీసి పెట్టుకుంది. నా మొహంలోకి చూసింది.

"నువ్వు కనబడుతున్నావు" అంది.

"పైకి చూశావా? నిజం చెప్పు, ఎంతసేపు చూశావు?"

"చూడలేదు. నిన్న ఇంటికెళ్లగానే పన్నెండూ పెట్టుకుని ట్యూబులైటు చూశాను. పదకొండింట్లో ఏమీ కనబడలేదు. దీంట్లో లైటూ గోడా అన్నీ కనబడ్డాయి. తీసి బ్యాగులో వేసుకున్నాను."

"మరి నాకు చెప్పొద్దా?"

"అందరూ వెళ్లాక చెబుదామనుకున్నా. ఈలోపు ఫోను చూసి నువ్వే లేచావు. ఏం చేస్తావో చూద్దామని ఊరుకున్నా."

నాకు ఒళ్లు మండింది. "ఇక్కడ నా ప్రాణం పోయింది."

"నాదీ పోయింది" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి గీతలు, గీతలు అంటుంటే, ఇంక చెప్పడేమో అనుకున్నాను. చెప్పకపోతే ఈ మనిషి గురించి నాన్నకి ఏమని చెప్పను?"

ఆమె చెబుతానన్న సంగతి అక్కడే, అందరి ముందే బయటపడిపోయింది. వాళ్లమ్మ పిన్ని వైపు చూసింది, పిన్ని బాబాయి వైపు చూసింది. వాళ్ల నాన్న ఎవరి వైపూ చూడలేదు. ఆమె చేతిలోంచి ఆ పన్నెండోది తీసుకుని, రెండుగా చింపి జేబులో పెట్టుకున్నారు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

ఆ తర్వాతి గంట ఎలా గడిచిందో నాకే తెలియాలి. ఉన్న ఒక్క జతనీ ఆమే నేనూ మార్చుకుంటూ చూశాం. సూర్యుడు తరిగిపోతున్నాడు, నాకు మాత్రం ఆ కుర్చీ తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆయన ఒక్క మాటా అనలేదు.

"ఏమంటారో ఏమో" అన్నాను మెల్లగా.

"నాకేం తెలుసు. తిట్టినా బాగుండేది" అంది ఆమె.

ఎండ పలచబడింది. గాలి చల్లబడింది. కాకులు అరుస్తూ చెట్లెక్కాయి. కింద వీధిదీపాలు వాటంతటవే వెలిగాయి.

"తియ్యండి" అన్నారు గార్డుగారు. "రెండు నిమిషాల పది సెకన్లు. నేను చెప్పగానే మళ్లీ పెట్టుకోవాలి."

అందరూ అద్దాలు తీసేశారు. పట్టపగలు చీకటి పడింది. సూర్యుడుండే చోట నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లగా, మెత్తగా వెలుగు. పిన్ని ఏడుస్తోంది, ఎందుకో ఆమెకీ తెలియదు.

ఒక చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. నేను గట్టిగా పట్టుకున్నాను.

"చీకటి కదా అని నాకేమీ కనబడదనుకోకు" అన్నారు వాళ్ల నాన్న, వెనక్కి తిరగకుండానే. "ఇందాకే ఓసారి తిరిగి చూశాను. నువ్వు బిగించిన అద్దాలు బాగానే పనిచేస్తున్నాయి."

నేను ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయాను. ఆమె వదల్లేదు. నా చెవి దగ్గరకొచ్చింది.

"విన్నావా?"

"విన్నాను. చెయ్యి వదలమంటున్నారు."

"కాదు, సరిగా విను" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ చీకట్లో తెలియలేదు. "నువ్వు అన్నారు."