కలం ముట్టిన చేయి

ఆ పూట పరీక్షకు వచ్చిన మూడో కొడవలి గుర్తు కూడా నిజమైనదేనని జాడదర్శిని యంత్రం తేల్చింది. సంహిత ఆ కాగితాన్ని పక్కకు జరిపి నాగలి గుర్తుల కట్ట విప్పింది. సిరా రేణువులు కాగితం పీచులోకి ఎంత లోతుకు దిగాయో, ఏ వైపు ఒరిగాయో యంత్రం చదువుతుంది. చదివి, ఆ గీత గీసిన చేతిని బల్ల పైన గాలిలో వెలుగుతో నిలబెడుతుంది. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన రైతు మణికట్టు కళ్లెదుట కదిలి, కర్రు వంపు దగ్గర కాస్త తడబడి, గీత ముగించి మాయమవుతుంది. ఉద్యోగంలో చేరి ఏళ్లు గడిచినా ఆ చేయి లేచిన ప్రతిసారీ సంహితకు ఒళ్లు జలదరిస్తూనే ఉంది. పైకి మాత్రం చెప్పదు. అందరూ టీ తాగుతూ చేసే పనికి తానొక్కతే దండం పెడితే పరీక్షా కేంద్రంలో నవ్విపోతారు.

విశ్రాంతి భూముల కంచెలు ఆ ఏడే తెరుస్తున్నారు. రెండు తరాల పాటు మనిషి కాలు పెట్టని నేల అది. మందులు తాగి తాగి చచ్చిపోయిన మట్టి మళ్లీ నల్లబడిందనీ, వానపాములు తిరుగుతున్నాయనీ విన్నప్పుడు గూడుగదుల్లో బతికే జనం ఏడ్చారు. మరి ఏ చెలక, ఏ మెట్టపొలం ఎవరిది? యంత్రాల్లో దాచిన పటాలన్నీ, అవి ఒకేసారి చెడిపోయిన మహాలోపంలో తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవి ఇనప్పెట్టెల్లోని పాత దస్తావేజులు, వాటి చివర అక్షరం రాని వాళ్లు సంతకానికి బదులు పెట్టిన కొడవలి, నాగలి లాంటి నిశానీలు. గుర్తు గీసింది ఆ మనిషి చేయే అయితే స్వహస్తం, భూమి వారసులకు. దస్తావేజు రాసినవాడి చేయి అయితే పరహస్తం, భూమి చీటీల్లోకి, అంటే లాటరీకి. తీర్పు పలకలో మూడో గడి ఎవరూ పెట్టలేదు, ఆ అవసరమే ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం తన దరఖాస్తు మీద తీర్పు వినడానికి ముసలి పోశవ్వ వచ్చింది. ఆమె ముత్తవ్వ బుచ్చవ్వకు అన్నదమ్ములతో పాటు తన వాటాగా ఒక చెలక వచ్చినట్టు పంపకాల కాగితం ఉంది. చివర బుచ్చవ్వ పేరు, పక్కన ఆడవాళ్ల గుర్తయిన గాజు, అంటే ఒక చిన్న సున్నా. ఆ చెలకలో అడుగు పెట్టి కన్ను మూయాలన్నది పోశవ్వ కోరిక. ఆ మాట దరఖాస్తు పెట్టిన రోజే చెప్పింది.

సంహిత బల్ల వెలిగించి చూపించింది. గాలిలో లేచింది రాసినవాడి చేయి. పైన దస్తావేజంతా రాసిన చేయే కింద గాజునూ గీసింది. సందేహానికి తావులేదు. సాయంత్రానికి చెలక చీటీల్లో పడుతుందని సంహిత చెప్పింది. పోశవ్వ ఆ వెలుగు చేతి వైపు వంగి చూసింది.

తీర్పు అందినట్టు పోశవ్వ సంతకం కావాలి. సంహిత వెలుగుకలం మొనను పలక మీద ఆనించి, పిడిని పోశవ్వ వైపు వంచింది. పోశవ్వ కలం పట్టుకోలేదు. రెండు వేళ్లతో పిడి కొసను తాకి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని చేయి తీసేసింది.

"ఇగ నువ్వు రాయి బిడ్డా."

"నీకు రాయడం వస్తుంది కదా అవ్వా?"

"వస్తది. పెద్ద ముచ్చటైతే మా ఇంట్ల కలం ముట్టి ఇస్తం. లగ్గం కాగితమైనా గంతే. ముట్టినంక కలం ఎవరు పట్టినా మాట మాదే."

సంహిత పలక వైపు చూసింది. మొన ఆనిన చోట ఆవగింజంత చుక్క, అందులో సన్నటి అదురు. ఆ చుక్కను ఇంతకుముందే చూసింది. బుచ్చవ్వ గాజు మొదలయ్యే చోట సరిగ్గా అలాంటిదే ఉంది. యంత్రం దాన్ని తొలి వణుకుగా లెక్కగట్టి జల్లెడ పట్టి పారేస్తుంది.

జల్లెడ తీయడం నిబంధనలకు విరుద్ధం. సంహిత తీసేసింది.

రాసినవాడి చేయి మళ్లీ లేచింది. ఈసారి గీత మొదలవలేదు. కలం కాగితం మీద ఆగింది, ఎదురుచూసింది. దాని కొస మీదికి ఎక్కడినుంచో రెండు వేళ్ల వెలుగు వచ్చి వాలింది. కాయలు కాసిన బరువైన వేళ్లు. అవి ఉన్నంతసేపూ కలం అదిరింది. వేళ్లు లేచాకే గాజు కదిలింది.

"గా చూపుడువేలు వంకర మా అమ్మకుండె," అంది పోశవ్వ చాలా మెల్లగా.

సంహిత అదే రాతగాడి పరహస్తాలన్నీ బల్ల మీద పరిచింది. అన్నీ తను కొట్టేసినవే. ఒకే చేయి గీసిన గాజులు, కొడవళ్లు, నాగళ్లు. వాటి మీద మాత్రం ఎవరి వేళ్లు వాళ్లవే. ఒకటి సిగ్గుగా ముట్టి పారిపోయింది. ఒకటి కోపంగా నొక్కింది. ఒక ముసలి వేలు వదల్లేక వదల్లేక వదిలింది. గది నిండా మనుషులు లేచి నిలబడినట్టయింది. సంహిత కుర్చీలోంచి లేచి, ఎవరు నవ్వినా నవ్వనీ అనుకుని, రెండు చేతులూ జోడించింది.

తీర్పు మార్చాలంటే పరీక్షకురాలి సంతకం ఉండాలి. అది ఆమె సొంత చేతిదేనా అని యంత్రం చూస్తుంది. కాదని తేలితే ఆమె ఇంతవరకూ ఇచ్చిన తీర్పులన్నీ చెల్లవు. సంహిత స్వహస్తం గడిలో కలం మొన ఆనించింది. జల్లెడ పెట్టలేదు. కలం పిడిని పోశవ్వ వైపు వంచింది.

"ముట్టు అవ్వా. తరవాత నేను రాస్తాను."

పోశవ్వ ముట్టింది. సంహిత తన పేరు రాసింది.

గాలిలో రెండు చేతులు లేచాయి. ఇది ఎవరి చేయి, అని జాడదర్శిని అడిగింది. జవాబు ఇవ్వడానికి రెండే గడులు చూపించింది, స్వహస్తం, పరహస్తం. సంహిత ఏదీ తాకలేదు. కాసేపటికి ఆ గడులు వాటంతటవే చెరిగిపోయాయి. గోడ మీది చీటీల పట్టిక ఆగిపోయింది. పక్క గదుల్లోని బల్లలు ఒక్కొక్కటే వెలిగి, మూసేసిన పరహస్తాలను జల్లెడ లేకుండా మొదటినుంచీ చదవసాగాయి. వరండాలో ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది.

పోశవ్వ కొంగు సర్దుకుని లేచింది.

"చెలక దాక బస్సు పోతదా బిడ్డా?"

"బస్సు దారి ఇంకా పడలేదు అవ్వా," అంది సంహిత. "నడుద్దాం."