షట్టరు వెనక చక్రం

సాయంత్రం ఏడు దాటింది. పొద్దున్నుంచీ ముసురు. వీధి చివర సైకిల్ షెడ్డు వైపు ఒక్క మనిషి లేడు.

చీకటి పడితే అటు ఎవరూ పోరు. షట్టరు దించే ఉంటుంది... లోపల మాత్రం చక్రం తిరుగుతుంటుంది. టిక్... టిక్... టిక్... షెడ్డు నడిపిన కుర్రాడు పోయి రెండు నెలలు.

అంతవరకే అయితే ఎలుకలు అనుకునేవాళ్ళు. కానీ అతనికో అలవాటుండేది — బాగుచేసిన సైకిల్ హ్యాండిల్‌కి పాత ట్యూబు ముక్క ముడేసి బయట పెట్టేవాడు. అతను పోయిన కొన్నాళ్ళకి, పాలాయన రిపేరుకిచ్చిన సైకిల్ ఒక పొద్దున్నే షట్టరు ముందు నిలబడి ఉంది. హ్యాండిల్‌కి ట్యూబు ముక్క. తర్వాత ఇంకొకరిది...

"దెయ్యమైతేనేం, బ్రేకులు భలే బిగించింది!" అని పాలాయన నవ్వాడట. నవ్వాడే గానీ, ఆ సైకిల్ మళ్ళీ ఎక్కలేదు.

ఆ కుర్రాడి తల్లి అన్నీ విని ఊరుకుంది. జ్వరంతో పోయాడని అందరికీ చెప్పింది తనే. దెయ్యం భయంతో జనం దూరంగా ఉంటే మంచిదే, ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లోనూ అంతే. కొడుకు మాటెత్తితే చాలు, లేచి వంటింట్లోకి పోయేది.

ఆ సాయంత్రం ట్యూషన్‌కని వెళ్ళిన కూతురు ఇంకా రాలేదు. పదిహేనేళ్ళ పిల్ల. టీచరుకి ఫోన్ చేస్తే — "మీ అమ్మాయి మానేసి నెల దాటిందండీ. మీకు తెలీదా?"

తల్లి ఫోన్ పెట్టేసింది. గోడ మేకు వైపు చూసింది. షెడ్డు తాళంచెవి లేదు.

చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

టిక్... టిక్... టిక్... షట్టరు సందులోంచి సన్నగా వెలుగు. లోపల ఎవరో గుసగుసగా —

"చక్రం ఎడంపక్కకి కొట్టుకుంటోంది చూడు... ఇంకాస్త బిగించు... హడావుడి పడకు..."

కొడుకు మాట. అదే యాస, అదే విసుగు.

రెండు చేతులా షట్టరు ఎత్తింది. తలకిందులుగా నిలబెట్టిన సైకిల్. దాని ముందు, అటు తిరిగి కూర్చున్న మనిషి. అదే చొక్కా... మోచేతి మీద అదే గ్రీజు మరక...

ఆ మనిషి తిరిగింది.

కూతురు.

"అరవకమ్మా. నేనే."

"ఇన్నాళ్ళూ... నువ్వేనా?"

"అన్నయ్య ఒప్పుకున్న సైకిళ్ళు. సగంలో వదిలేసి పోయాడు, వెధవ." ముక్కు తుడుచుకుంది. బుగ్గంతా గ్రీజు. "ఇంట్లో వాడి పేరెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోతావు. ఇక్కడైతే తిట్టుకోవచ్చు."

"వాడిలా మాట్లాడుతున్నావేమే..."

"ఆ గొంతు మర్చిపోతానేమోనని."

చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇదే ఆఖరిది. వాడి సొంత సైకిల్. ఇదీ అయిపోతే..."

తల్లి పిల్ల పక్కనే నేల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ నోట రానివ్వని మాట అడిగేసింది.

"అయిపోతే... నువ్వూ చచ్చిపోదామనుకున్నావా?"

పిల్ల తిరుగుతున్న చక్రాన్ని చేత్తో ఆపింది. "ఒక్కోసారి..."

తల్లి ఆ జిడ్డు చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"వాడికి జ్వరం రాలేదు. వాడే ప్రాణం తీసుకున్నాడు. ఎందుకో నాకూ తెలీదే..." మొదటిసారి పైకి అంది. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం, ఇద్దరం. ఇవాళ నా పక్కలో పడుకో."

"నేనేమైనా చిన్నపిల్లనా?"

"నేనే చిన్నపిల్లననుకో."

పిల్ల అలవాటుగా ట్యూబు ముక్క అందుకుంది. తల్లి దాన్ని మెల్లగా లాక్కుంది.

"దీనికి కట్టకు. సగంలోనే ఉండనీ."

ఇంటికి వచ్చేసరికి పని నుంచి వచ్చిన భర్త, వీళ్ళ కోసం గుమ్మంలోనే తడుస్తూ నిలబడ్డాడు. ముగ్గురూ లోపలికొచ్చారు. గడియ పెట్టబోయిన ఆమె చెయ్యి ఆగింది. కొడుకు ఉన్నన్నాళ్ళూ, రోజూ ఆఖరున వచ్చి గడియ పెట్టేది వాడే.

తలుపు తీసి, ఒకసారి వీధిలోకి చూసింది. వాన తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగి లెక్కపెట్టుకుంది. ఆయన ఉన్నారు. పిల్ల వచ్చింది. తను వచ్చింది.

ముగ్గురు.

గడియ పెట్టింది.