మెత్తని ప్రశ్నలు

వాళ్లిద్దరి పరిచయం రొట్టె ధర దగ్గర మొదలైంది.

రాజనీతి శాస్త్రం డిపార్ట్‌మెంట్ మెట్ల కింద టీ యంత్రం ఉండేది. అక్కడ నిలబడి అతను ఎవరికో చెబుతున్నాడు. ముస్లిం దేశాల్లో విప్లవాలు ఎందుకు వచ్చాయో తెలుసుకోవడానికి లావుపాటి పుస్తకాలు అక్కర్లేదట. రొట్టె ధర ఏ ఏడాది ఎక్కిందో చూస్తే చాలట. ఖాళీ కప్పుతో వెనకాల నిలబడ్డ అమ్మాయి అంతా విన్నది.

"అంతకుముందు కూడా చాలాసార్లు ఎక్కింది కదండీ. అప్పుడు వాళ్లకి ఆకలి వేయలేదా?"

అతను వెనక్కి తిరిగాడు. సమాధానం నోటిదాకా వచ్చింది. ఎదురుగా రెప్ప వేయకుండా చూస్తున్న కళ్లు కనబడేసరికి వచ్చిన దారినే వెనక్కి పోయింది. ముందు టీ పట్టుకోండి అన్నాడు. టీ తర్వాత తాగొచ్చు, ముందు సంగతి తేల్చండి అంది ఆమె.

ఆ పూటే అతనికి గోధుమలు అనే పేరు ఖాయమైంది. ఆమెను అంతకుముందు నుంచే అందరూ లాయరమ్మ అనేవారు.

ఇద్దరూ పరిశోధన విద్యార్థులే. ఇద్దరి విషయమూ ఒకటే. కారణం దగ్గరే పేచీ. ఆమె దృష్టిలో అది నివురుగప్పిన నిప్పు. ఏళ్ల తరబడి ప్రతి మనిషీ మనసులో మాట దాచుకుని పాలకుడి సభలో చప్పట్లు కొడతాడు. పక్కవాడు మనస్ఫూర్తిగా కొడుతున్నాడనుకుంటాడు. పక్కవాడూ ఇతని గురించి అదే అనుకుంటాడు. ఒకరోజు ఎవరో ఒకరు కొట్టడం మానేస్తారు. అప్పుడు గాని తెలియదు, అందరి చేతులూ ఎప్పటినుంచో నొప్పి పుడుతున్నాయని.

అతను ఒప్పుకునేవాడు కాదు. లైబ్రరీలో వాళ్ల వాదనకు పక్క బల్లలు ఖాళీ అయ్యేవి. ఒక సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద వాదించుకుంటూ బస్టాపుకి నడిచారు. దగ్గరగా జరగడానికి ఇద్దరికీ మొహమాటం. గొడుగు మధ్యలో పొడిగా ఉండిపోయింది. వీళ్లు చెరోపక్కా తడిసి ముద్దయ్యారు. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది ఆ రోజే. ఎవరు ముందన్నారో ఇద్దరూ గమనించలేదు.

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక పద్ధతి ఉంది. థీసిస్ సమర్పించే ముందు అందరి ఎదుటా చర్చ పెడతారు. ఒక పరిశోధకుణ్ణి ఎదురువాదిగా నియమిస్తారు. థీసిస్‌ని ఎలాగైనా విరగ్గొట్టడం అతని పని. విరగకపోతే అది ముందుకు పోతుంది.

ఆమె గైడే డిపార్ట్‌మెంట్ హెడ్. ఆ తిరుగుబాట్లకు మతమే కారణమని ఆయన సిద్ధాంతం. ఆమె మూడో చాప్టర్ అంతా అది తప్పని చెబుతుంది. ఆ చాప్టర్ తీసేసి తన సిద్ధాంతం పెట్టమన్నాడు. ఆమె తీయనంది. ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఆ భవనంలో అంతవరకూ లేరు. సరే, చర్చలో నిలబడితే ఉంచుకో, లేకపోతే తీసెయ్యాలి అన్నాడు. రోజూ ఆమెతో కీచులాడే గోధుమల్నే ఎదురువాదిగా వేశాడు.

చర్చ రోజున అతను లేచి నిలబడ్డాడు. సమాచారం సేకరించడంలో ఇబ్బందులేమైనా వచ్చాయా అని అడిగాడు. మున్ముందు ఇంకొన్ని దేశాలు చేర్చే ఆలోచన ఉందా అని అడిగాడు. చాలా ఉపయోగకరమైన పరిశోధన అని కూర్చున్నాడు. ఆమె అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

హెడ్ నవ్వాడు. పరీక్షే జరగలేదు, నెగ్గడం ఎక్కడిదన్నాడు. మూడో చాప్టర్ తీసేయమన్నాడు.

ఆమె అతన్ని మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఎందుకలా చేశావు?"

"నువ్వు నెగ్గాలని."

"నేను నెగ్గడానికి నువ్వు నోరు కట్టేసుకోవాలా? నాకు చేతకాదనుకున్నావా?"

"అది కాదు. నీకు కష్టం కలిగించే మాట నా నోటితో ఎలా..."

"మా అమ్మ పోయి ఏడాది కాలేదు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "అప్పట్నుంచీ అందరూ నాతో మెత్తగానే మాట్లాడుతున్నారు. మా నాన్నయితే నేనేమన్నా సరే తల్లీ అంటున్నారు. నువ్వొక్కడివే మామూలుగా కొట్లాడేవాడివి. ఇక్కడికి రోజూ దేనికొస్తున్నాననుకున్నావు?"

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఇప్పుడు నువ్వు కూడా చేరావు వాళ్లలో," అని వెళ్లిపోయింది.

నేరుగా హెడ్ గదికే వెళ్లింది. మళ్లీ చర్చ పెట్టమంది. అలాంటి ఆనవాయితీ లేదన్నాడాయన. వద్దన్న నియమం కూడా లేదు కదా సార్ అంది. ఓడితే చాప్టర్ కాదు, థీసిస్ మొత్తం మొదటినుంచి రాయాలన్నాడు. రాస్తానంది. ఎదురువాది మాత్రం అతనే ఉండాలంది. ఆయన తలెత్తి చూసి, నీ ఖర్మ అన్నాడు.

గోధుమలు ఆమె థీసిస్‌ని మొదటిసారి శత్రువులా చదివాడు. చదవగా చదవగా ఒకచోట బీట కనబడింది. అడిగితే ఆమె ఇన్నేళ్ల పని కూలిపోవచ్చు. అడక్కపోతే ఆమె ఇక తన ముఖం చూడదు. చర్చ అయ్యేదాకా ఇద్దరూ మాట్లాడుకోకూడదన్నది నియమం. టీ యంత్రం దగ్గర ఎదురుపడితే చెరో గోడా చూసేవారు.

రెండో చర్చకు గది నిండిపోయింది. అతను లేచాడు. చేతిలో కాగితం వణుకుతుంటే బల్ల మీద పెట్టేశాడు.

"జనం మనసులో మాట దాచుకుంటారంటున్నారు. దాచుకున్నది మీకెలా తెలిసింది? జనం లేచిన దేశంలో అదిగో నిప్పు అంటారు. లేవని దేశంలో ఇంకా నివురు తొలగలేదంటారు. ఏం జరిగినా మీదే ఒప్పయ్యేటట్టయితే దాన్ని వాదం అని ఎందుకనాలి?"

ఆమె గ్లాసు ఎత్తి కొంచెం నీళ్లు తాగింది.

"ఏ రోజు లేస్తారో ముందుగా చెప్పలేను. నిజమే. నేనే కాదు, వాళ్ల మీద నిఘా పెట్టిన పాలకుడూ చెప్పలేడు. చెప్పగలిగితే ముందురోజే అందర్నీ లోపల వేసేవాడు. కాని నాది తప్పని తేల్చడానికి దారి ఉంది. లేచిన దేశంలో జనం నిన్నటిదాకా ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి మాట్లాడి ఉండకపోతే నా వాదం తప్పు. ఆ ఇళ్లవాళ్లు నాతో అన్న మాటలన్నీ రెండో చాప్టర్లో ఉన్నాయి. అలా కాని దేశం ఒక్కటి చూపించండి. ఈ థీసిస్ ఇక్కడే చింపేస్తాను."

"మరి ఆకలి?"

"ఆకలి మనిషిని వీధిలోకి తేగలదు. తుపాకీ కనబడ్డాక అక్కడే నిలబెట్టేది పక్కన నిలబడ్డ మనిషి."

అతను విరగ్గొట్టలేకపోయానని చెప్పి కూర్చున్నాడు.

హెడ్ కుర్చీ వెనక్కి జరిపాడు. ఇంత చుట్టు తిరగడం అనవసరమన్నాడు, ఆవేశం వాళ్ల మతంలోనే ఉందన్నాడు, చర్చలో నిలబడినా సరే మూడో చాప్టర్ తీసెయ్యమన్నాడు.

"ఆ దేశాలు నోరెత్తకుండా పడి ఉన్న కాలమంతా ఆ మతమే ఉంది సార్. ఎప్పుడూ ఉన్నది, ఒక్కరోజు వచ్చినదానికి కారణం ఎలా అవుతుంది? జైల్లో ఉన్నవాళ్లదీ అదే ప్రార్థన. జైలుకి కాపలా కాసేవాళ్లదీ అదే ప్రార్థన. చాప్టర్ తీయను."

ముందు వరసలో చరిత్ర చెప్పే మేడమ్ ఉంది. హెడ్ ఏమన్నా తలూపడం ఆమెకు అలవాటు. ఆ రోజు ఊపలేదు.

"నాకు ఆ అమ్మాయి చెప్పిందే సబబనిపిస్తోంది సార్," అంది. కాస్త ఆగి, "చాలా కాలంగా అనిపిస్తోంది," అంది.

పక్కనున్న లెక్చరర్ గొంతు సవరించుకుని, నాకూ అంతే అన్నాడు. మరొకరు చెయ్యెత్తారు. హెడ్ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఆ తర్వాత కిటికీ వైపు చూశాడు. థీసిస్ మూడో చాప్టర్‌తో సహా ముందుకు పోయింది.

బయట వాన. వరండా చివర అతను ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"అడిగేటప్పుడు నీ చేతులు వణికాయి."

"నువ్వు పడిపోతావేమోనని."

"అయినా అడిగావు."

"అడగమన్నది నువ్వే కదా." అతను వానకేసి చూస్తూ అన్నాడు. "నువ్వంటే ఇష్టం. దీన్ని మెత్తగా ఎలా చెప్పాలో తెలియడం లేదు."

"మెత్తగా చెప్పమని నేనడిగానా? నాకూ ఇష్టమే. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

వెనక ఎవరో దగ్గారు. ఆమె తండ్రి. చర్చ వినడానికి ఎవరైనా రావచ్చు గనక ఆయనా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అతన్ని చూశాడు.

"ఏం బాబూ, మా అమ్మాయిని నలుగురిలో అంత నిలదీయాలా?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు.

"నిలదీయాలండి," అన్నాడు.

"వాళ్లమ్మ ఉంటే ఇంకా గట్టిగా అడిగేది," అన్నాడాయన. కళ్లజోడు పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు. "అయినా ఆ రెండో సమాధానం నాకు నచ్చలేదమ్మా. ఆకలిని మరీ తేలిగ్గా తీసిపారేశావు."

ఆమె తండ్రిని తేరిపార చూసింది. పెదవి కొరుక్కుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మీకు సరిగ్గా అర్థం కాలేదు నాన్నా."

"అర్థం కాకపోవడానికేముంది? ఆ అబ్బాయిని భోజనానికి రమ్మను. ఇద్దరం కలిసి చెబుతాం నీకు."