ఖాళీ చంక

ముప్పై ఒకటో నిమిషంలో జి వరస పద్నాలుగో కుర్చీకి గొంతు పట్టేసింది. నూకరత్నం తెర మీద ఆ గడిని వేలితో తాకి ‘గొంతుపట్టు’ అని ఖాయం చేసింది. దాని పక్కదానికి కంటతడి. సి వరసలో మూడోదానికి యంత్రం ‘ఆలోచన’ అని పెట్టింది. రత్నం అద్దంలోంచి కిందికి చూసి ‘విసుగు’ అని దిద్దింది. మోకాలు అలా ఊపేవాడు ఆలోచించడు, బయటికి ఎప్పుడు పోదామా అని చూస్తుంటాడు.

ఒక్కొక్క పేరు పెట్టాక ఎడమ మణికట్టు చూసుకుంటోంది. పట్టీ మీద ‘నిద్ర’ అనే ఉంది.

గాజువాకలోని ఆ హాలులో మూడు వందల కుర్చీలు ఉన్నాయి. కూర్చున్నవాళ్ల నాడి, ఊపిరి, అరచేతి చెమట కుర్చీలే చదివి పైగదికి పంపుతాయి. యంత్రం ఒక పేరు ఊహిస్తుంది, పైగదిలో రత్నం లాంటి పేరుగత్తె ఔననో కాదనో అంటుంది. ఆ పేర్లు సినిమాను అప్పటికప్పుడు కత్తిరించి అతికే ‘కుట్టు’ అనే యంత్రానికి చేరతాయి. జనం విసుక్కున్న సీను మ్యాట్నీకల్లా సన్నబడుతుంది, కంటతడి పెట్టిన సీను వెడల్పవుతుంది. గాజువాక లాంటి కొద్ది చోట్ల పెట్టిన పేరుతో నాలుగు వందల పన్నెండు హాళ్లలో సినిమా మారిపోతుంది.

పెట్టదగ్గ పేర్లు ముప్పై నాలుగు. ముప్పై అయిదో గడి పేరు ‘ఇతరం’. దాని జోలికి ఎవరూ పోరు. పోయినేడు యశోద అనే పిల్ల ఏదో హాస్యం సినిమాకి అందులో ‘ఏడవలేక నవ్వు’ అని రాసింది. కొత్త పేరుకు కుట్టు దగ్గర కొలత ఉండదు. అందుకని అది అన్ని హాళ్లలోనూ సినిమా ఆపి, అదే సీనును మూలం నుంచి, ఏ కోతా పడనిదాన్ని మళ్లీ నడిపి కొలుచుకుంది. హీరో తన మేకప్ మనిషిని తిట్టిన బూతులతో సహా జనం విన్నారు. మధ్యాహ్నానికి యశోద పని పోయింది, పాసు ఎర్రబడింది.

పాసు ఎర్రబడితే కింద ఉన్న పిల్లల గది తలుపు కూడా తెరుచుకోదు. ఆరు నెలల చిన్ని ఇప్పుడు ఆ గదిలోనే పడుకుని ఉంది, దాని నెత్తిన ఉయ్యాలచెవి వేలాడుతోంది. ఆ చెవి చెప్పేదే రత్నం మణికట్టు పట్టీ మీద పడుతుంది. పగలంతా చంటిదాన్ని చూసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఆ గది ఉందనే రత్నం ఈ పనిలో చేరింది. నాలుగు చోట్ల బిడ్డ ఉంటే కుదరదన్నాక దొరికిన పని ఇది.

ఈ రోజు సినిమా ‘విన్నవాడు’, ఇదే మొదటి ఆట. ఉయ్యాలచెవిని కనిపెట్టిన నిశాంత్ వడ్డమాని జీవితం. బిడ్డ ఎందుకేడుస్తోందో చెప్పే ఆ చెవి ఇప్పుడు లేని ఇల్లు లేదు.

ఎఫ్, జి, హెచ్ వరసల్లో నలభై రెండు మంది ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని, తలల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చారు. ఏడేళ్ల కిందట పెందుర్తి షెడ్డులో ఏడుపులు విన్నవాళ్లు వీళ్లే. చెవులకు డిప్పలు తగిలించుకుని, నిమిషానికి ఆరు ఏడుపుల చొప్పున విని, ఆకలి, నిద్ర, తడిగుడ్డ, నొప్పి, భయం అని అయిదు గడుల్లోకి వేరు చేసి ఆ చెవికి నేర్పిన వాళ్లు. రత్నం కూడా అప్పుడు వాళ్లలో ఒకతె. వాళ్లందరికీ మొన్న కబురొచ్చింది: ‘మీరు లేనిదే ఈ కథ లేదు. రండి.’ కంపెనీయే బస్సు పంపింది.

అందుకే నిశాంత్ చిన్నప్పుడు చిరిగిన చొక్కాతో బడికి పోతుంటే ఆ మూడు వరసలూ దయగా కంటతడి పెట్టాయి. గొంతు పట్టేసిన ఆ పద్నాలుగో కుర్చీ బంగారమ్మది. షెడ్డుకి ఆవిడే పెద్ద.

ఇంటర్వెల్లో రత్నం మెట్లు దిగి ముందు పిల్లల గది అద్దం దగ్గరికి పోయింది. చిన్ని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గదిలో ఆయా గున్నమ్మ పాలసీసాలు కడుగుతూ, పో పో అన్నట్టు చెయ్యి ఊపింది. చిన్ని పొట్ట ఊపిరికి కదలడం చూసుకుని గానీ రత్నం అక్కడి నుంచి కదల్లేదు.

బయట మిర్చిబజ్జీల దగ్గర షెడ్డు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు.

“ఓలే రత్నం, మనం ఇంకా రాలేదేటే?” అంది బంగారమ్మ.

“సెకండాఫ్‌లో ఉంటాం కాబోలప్పా. నానూ సూడలేదు. పేర్లెట్టేవోళ్లకి ముందు సూపించరు.”

“నా ఏసం ఎవులు కట్టేరో. తెల్లగున్నదాన్ని పెడితే మట్టుకు నానొప్పుకోను.”

“నీ ఏసానికి ఒకలు సాలరప్పా, ఇద్దర్ని పెట్టుంటారు,” అంది సన్యాసమ్మ, ఆవిడ నడుం కేసి చూస్తూ.

“నీది కూడా పెడతార్లే. ఆకలేడుపుకీ తడిగుడ్డేడుపుకీ తేడా తెలక మూడ్రోజులు నా పక్కన కూకుని నువ్వే ఏడిసేవు. అది ఏ గడిలో ఎయ్యాలో నాకు తోచలేదు.”

అందరూ నవ్వారు. బంగారమ్మ తన జడలోని కనకాంబరాలు సగం తుంచి రత్నం తలలో పెట్టింది. “ఎవులున్నా లేకపోయినా నువ్వుంటావే. సంకేడుపు కనిపెట్టింది నువ్వు కాదేటి? నిన్ను వదిలీసి ఆడి కత ఎలా సెప్తారు?”

రత్నం పైకి పోతూ మెట్ల దగ్గర అద్దంలో ఆ పూలు ఒకసారి సరి చేసుకుంది.

షెడ్డులో పనిచేసే రోజుల్లో పెద్దకూతురు లిఖితకు ఎనిమిది నెలలు. రత్నం దాన్ని షెడ్డుకే తెచ్చి దూలానికి చీర ఉయ్యాల కట్టేది. ఒకరోజు దాని ఏడుపు అయిదు గడుల్లో ఎందులోనూ పడలేదు. పాలు తాగింది, గుడ్డ పొడిగానే ఉంది, నిద్ర లేచిందే అప్పుడు. ఒళ్లు కాలడం లేదు. రత్నం ఎత్తి చంకన వేసుకుంది, ఏడుపు టక్కున ఆగింది. దించితే మళ్లీ మొదలు. ఆ ఏడుపు షెడ్డులోని మైకు ద్వారా రికార్డులోకి ఎక్కింది. రత్నం దాని కింద ‘చంక ఏడుపు’ అని రాసింది. పదో తరగతి మధ్యలో మానేసిన దానివి, కొత్త పేర్లు పెట్టడానికి నువ్వెవరు అన్నాడు సూపర్‌వైజరు.

వారం తర్వాత నిశాంత్ వడ్డమాని తనే షెడ్డుకి వచ్చాడు. పది నిమిషాలు ఉన్నాడు. రత్నం ముందు నిలబడి, “చంక అంటే ఏంటండీ?” అని అడిగాడు. మాటల్లో చెప్పడం చేతకాక రత్నం లిఖితను నడుం మీద వేసుకుని చూపించింది. ఆయన ముచ్చటపడ్డాడు. “చెవికి పాఠం పూర్తయ్యాక ఈ రికార్డులన్నీ చెరిపేస్తాం. మీ పిల్లల ఏడుపు మీది,” అన్నాడు. ఆ మాటకు షెడ్డంతా చప్పట్లు కొట్టింది. ఉయ్యాలచెవి బజారులోకి వచ్చాక ఊరంతటినీ గెలిచింది ఆ ఆరో గడితోనే.

గంటా నలభై ఎనిమిదో నిమిషం. సముద్రం కనబడే అద్దాల ఇల్లు. నిశాంత్ వేషం కట్టిన హీరో ఒక్కడే ఉన్నాడు, గడ్డం మాసింది. తొట్టిలో బిడ్డ ఏడుపు అందుకుంది.

రత్నం చటుక్కున మణికట్టు చూసుకుంది. ‘నిద్ర’ అనే ఉంది. అయినా పాలు చేపుకొచ్చేశాయి. రవికె తడిసింది. ఆమె పైట లాక్కుని వింది. మూడు పొడుగు సాగదీతలు, ఒక పొట్టిది, చివర ముక్కు ఎగబీల్చినట్టు ఒక ఎక్కిలి. వేల ఏడుపులు విన్న చెవి అది. పొరబడే వీలు లేదు. ఆ ఏడుపు లిఖితది. ఇప్పుడు రెండో తరగతి గదిలో ఎక్కాలు చెబుతుండే లిఖిత, తన ఏడుపు ఇక్కడుందని తెలియని లిఖిత.

హీరో బిడ్డను ఎత్తి చంకన వేసుకున్నాడు. ఏడుపు ఆగింది. అతను కిటికీ వైపు తిరిగి తనలో తను అన్నాడు: “చంక ఏడుపు. ఇది మా అమ్మ మాట.”

హాలు మొత్తం కంటతడితో మెరిసింది. ముందు వరసల్లో ఎవరో ముక్కు చీదారు. తెర మీద గడులన్నీ నీలంగా ఉన్నాయి, మూడు వరసలు తప్ప.

నలభై రెండు కుర్చీల్లో నాడి కిందికి జారింది. అరచేతులు చల్లబడ్డాయి. కళ్లు పొడిగా ఉన్నాయి. ఒక్కరూ కదలడం లేదు. బంగారమ్మ ఒళ్లో బజ్జీల పొట్లం తెరిచే ఉంది, చెయ్యి దాని మీదే ఆగిపోయింది. యంత్రం ఆ నలభై రెండింటి మీదా ఒకే పేరు ఊహించింది: ‘తన్మయం’.

ఖాయం చెయ్యడానికి నలభై సెకన్లు. గడియారం వెనక్కి లెక్క పెడుతోంది.

“రత్నం, తన్మయం వేసెయ్.” స్పీకరులో సుభాషిణి మేడం గొంతు. పేరుగత్తెలందరి మీదా ఆవిడే అధికారి. “మూడు వరసలు ఒకేసారి తన్మయం ఏ సినిమాకీ రాలేదు. పైవాళ్లు ఫోన్ మీదే ఉన్నారు.”

“అది తన్మయం కాదు మేడం.”

“కదలకుండా చూస్తున్నారు కదా. ఇంకేం కావాలి?”

“కదల్లేక అండి.”

“సరే, మరి ఏం పేరు పెడతావు?”

“లిస్టులో లేదు మేడం.”

“లిస్టులో లేకపోతే అది లేనట్టే. చూడమ్మా, నీకు చంటిపిల్ల ఉంది. నేను గుర్తు చెయ్యక్కర్లేదు. వేసెయ్, మాట్లాడుకుందాం.”

తన్మయం వేస్తే ఏమవుతుందో రత్నానికి తెలుసు. ఈ సీను వెడల్పవుతుంది. మ్యాట్నీకి లిఖిత ఇంకొంచెం సేపు ఏడుస్తుంది, రేపటికి ఇంకొంచెం. ఆ గడ్డం మనిషి నాలుగు వందల పన్నెండు హాళ్లలో దాన్ని ఎత్తుకుంటూనే ఉంటాడు. బంగారమ్మ చల్లబడ్డ చేతులు దానికి సాక్ష్యం పలికినట్టవుతుంది, ఆ సాక్ష్యం మీద సంతకం తనదవుతుంది.

వెయ్యకపోతే కింద తలుపు.

పట్టీ మీద ‘నిద్ర’ ఉంది. పదకొండు సెకన్లు ఉన్నాయి.

ఆమె ‘ఇతరం’ తెరిచింది. ‘చంక ఏడుపు’ రాసినప్పటి కంపెనీ వేరే, సంవత్సరం వేరే, గడి మాత్రం అదే తెల్లటి గడి. ఎత్తుకున్న బిడ్డను ఎవరో లాగేసుకుంటే నడుం కొంతసేపు ఒంగే ఉంటుంది, చెయ్యి ఒంటి చుట్టూ అలాగే ఉండిపోతుంది. అద్దం కింద నలభై రెండు మంది అలాగే కూర్చున్నారు. రత్నం రెండు మాటలు రాసింది.

‘ఖాళీ చంక.’

“ఏం రాశావు?” అంది సుభాషిణి. “రత్నం, ఏం రాశావు?”

సినిమా ఆగింది. కొత్త పేరు పట్టుకుని కుట్టు తక్కిన హాళ్లలో వెదికింది. పెందుర్తి లాంటి షెడ్లు అప్పట్లో పదకొండు ఉండేవి. తెర పక్కన ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. నర్సీపట్నం, ఏలూరు, ఆదోని, సిద్దిపేట. అక్కడి హాళ్లలోనూ ఆ షెడ్ల ఆడవాళ్లు కూర్చున్న వరసలు బిగుసుకుపోయి ఉన్నాయి. అక్కడి పేరుగత్తెలు ఇంకా ఏ పేరూ పెట్టలేదు. ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు ఆ రెండు మాటల్నే ఖాయం చేస్తున్నారు. కుట్టు కొలత కోసం మూలాన్ని పిలిచింది.

మళ్లీ అద్దాల ఇల్లు. ఈసారి సముద్రం లేదు, ఆకుపచ్చ గుడ్డ ఉంది. హీరో చేతుల్లో రబ్బరు బొమ్మ, దాని తల ఒక పక్కకు వాలిపోయింది. అతను దాన్ని ముందు భుజానికి, తర్వాత పొట్టకు ఆనించి, ఎటు పెట్టుకోవాలో తెలియక ఎవరి వైపో చూశాడు. లిఖిత ఏడ్చింది. మూడు పొడుగువి, ఒకటి పొట్టిది, ఎక్కిలి. కోత పడిన చోటు దాటిపోయింది. షెడ్డు రేకుల మీద వాన చప్పుడు వచ్చింది. ఆ వానలోంచి ఒక గొంతు:

“ఓలే రత్నం, నీ గుంట ఏడుస్తంది సూడు.”

తర్వాత మెట్టెల చప్పుడు, ఊపిరి, ఏడేళ్లు చిన్నదైన ఇంకో గొంతు:

“వత్తన్నానమ్మా, వత్తన్నాను. నా తల్లి కదూ, ఏడకు.”

హాలులో ఎవరూ ముక్కు చీదలేదు. బంగారమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. పక్కనున్న సన్యాసమ్మ ఆవిడ కొంగు పట్టుకుని, మామూలు గొంతుతోనే, అందరికీ వినబడేలా అంది: “అప్పా, నువ్వొచ్చీసేవు సినిమాలోకి.”

అప్పుడే పట్టీ వణికింది. ‘నిద్ర’ పోయి, కింద కొత్త మాట వచ్చింది: ‘చంక ఏడుపు.’ ఆ పక్కనే పాసు చుక్క ఎర్రబడింది.

తెర మీద మూడు వందల గడులు పేరు కోసం కాచుకుని ఉన్నాయి. స్పీకరులో సుభాషిణి పిలుస్తూనే ఉంది. రత్నం లేచి మెట్లు దిగింది.

పిల్లల గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. అరచేయి ఆనించింది, తెరుచుకోలేదు. రెండోసారి ఆనించలేదు. అద్దం అవతల చిన్ని పిడికిళ్లు బిగించి ఏడుస్తోంది. దాని నెత్తిన చెవి ఆ పేరునే మళ్లీ మళ్లీ పలుకుతోంది, అంతకంటే చేయడానికి దానికి చేతుల్లేవు.

“వత్తన్నానమ్మా,” అంది రత్నం అద్దానికి నోరు ఆనించి. పైన హాలులో కొలత ఇంకా తేలక మూలం మూడోసారి నడుస్తోంది, ఆ మాటే గోడల్లోంచి వినబడుతోంది.

గున్నమ్మ ఎర్రదీపాన్ని చూసింది. రత్నాన్ని చూసింది. కడుగుతున్న సీసా పక్కన పెట్టి, తడిచేతులు చీరకు తుడుచుకుని, చిన్నిని ఎత్తి చంకన వేసుకుంది. అలాగే తలుపు దగ్గరికి వచ్చి, దానికి లోపలివైపు ఉన్న, ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టని ఇనప గెడ మీద రెండో చెయ్యి వేసింది.