చెత్త డ్రమ్ము గొళ్ళెం

“మళ్ళీ చెత్త డ్రమ్ము గొళ్ళెం తీసే ఉంది! ఎలుగుబంటిని భోజనానికి పిలుస్తున్నారా ఏంటండీ?”

అడవి అంచున ఉన్న కాటేజీ ముందు జీపు దిగీ దిగకుండానే కుర్ర ఫారెస్టు గార్డు కేకలేశాడు. కాలేజీ సెలవులకి పిన్నితో వచ్చిన అమ్మాయి తలుపు చాటున తల వంచుకుని నిలబడింది.

“మా పిల్లకి మతిమరుపు, బాబూ,” అంది పిన్ని.

“అవునా? నిన్న నేను చెప్పినవి చెప్పమనండి చూద్దాం.”

“ఎలుగు కనబడితే పరిగెత్తకూడదు. వీపు చూపించకూడదు. మెల్లగా మాట్లాడుతూ వెనక్కి నడవాలి,” గడగడా అప్పజెప్పింది అమ్మాయి. చివర్లో గొంతు సన్నబడింది. “తిండి వాసన బయటికి రానివ్వకూడదు.”

“అన్నీ నోటికొచ్చు. చేతికే రావు!” గార్డు నవ్వు ఆపుకుంటూ గొళ్ళెం బిగించి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు కోసమే రోజూ గొళ్ళెం తీస్తున్నానని ఆమె ఎవరితో చెప్పుకుంటుంది? ఆ రాత్రి కూడా తీసింది.

మర్నాడు పొద్దున తువ్వాలు ఆరేద్దామని బయటికొస్తే డ్రమ్ము పడిపోయి ఉంది. అందులో తల దూర్చి నల్లటి ఎలుగు! ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు పరిగెత్తమన్నాయి. ఆమె వాటి మాట వినలేదు.

“తిను తల్లీ, నేను పోతున్నా... పోతున్నా...” అంటూ వెనక్కి నడిచి, గుమ్మం తగలగానే లోపలికెళ్ళి తలుపేసుకుంది.

పిన్ని ఫోన్ చేస్తే గార్డు వచ్చాడు. జీపు హారన్‌కి ఎలుగు పారిపోయింది. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“మీకేం కాలేదుగా?” అన్నాడు ముందు. తర్వాత నేల మీది మెతుకులు చూసి, “దానికి కూన ఉందండీ. ఏమీ దొరక్కపోతే ఈ చోటు మర్చిపోతుంది. రుచి మరిగి ఇళ్ళ మీద పడిందో, బోనులో పట్టుకుపోతారు. కూన దిక్కులేనిదవుతుంది.”

ఆమెకి ఏడుపాగలేదు. “నేను మర్చిపోలేదండీ. కావాలనే తీశాను. తీసి ఉంటే మీరు ఆగుతారని...”

పిన్ని చేతిలో గరిటె కిందపడింది.

“ఒక్క మాట పిలిస్తే రానా? అడవి ప్రాణితో ఆటలా?” విసురుగా అని అతను చీపురు అందుకున్నాడు. ఆమె బకెట్ తెచ్చింది. మెతుకు మిగలకుండా ఊడ్చి, నేలంతా కడిగి, డ్రమ్ముని జీపులోకి ఎక్కించారు.

ఆ తర్వాత ఎలుగు మళ్ళీ వస్తుందేమోనని రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఇద్దరూ కాపలా కాశారు. మొదటి రోజు అతను పలకలేదు. మర్నాడు, “రాత్రి నిద్రపోయారా?” అన్నాడు. ఆ మర్నాడు పొదలు కదిలాయి.

ఎలుగు. వెనకే కూన. డ్రమ్ము ఉన్న చోట నేల వాసన చూసింది తల్లి. గీరింది.

“ఏం లేదమ్మా, వెళ్ళిపో...” గుసగుసగా అంది ఆమె.

ఎలుగు ఓసారి తలెత్తి చూసి, కూనని వెంటేసుకుని అడవిలోకి వెళ్ళిపోయింది. అతను ఊపిరి వదిలాడు.

పిన్ని టీ గ్లాసులతో వచ్చి ఆగిపోయింది. “ఎలుగు వెళ్ళిపోయిందా, బాబూ?”

“వెళ్ళిపోయిందండీ.”

“మరి మా పిల్ల చెయ్యి ఇంకా పట్టుకున్నావే? టీ ఎలా తాగుతావ్?”

అమ్మాయి చెయ్యి లాక్కోబోయింది. అతను వదల్లేదు.

“ఎడమ చేత్తో తాగుతానండీ. మీరేమీ అనుకోకపోతే.”

పిన్ని ఇద్దరి మొహాలూ చూసింది. గ్లాసు అతని ఎడమ చేతికే అందించింది.