రెండు వేలకు నాలుగు తక్కువ

బుధవారం పొద్దున తొమ్మిదిన్నర. పశ్చిమ టెక్సస్‌లో ఒక చర్చి హాలు. ఆ వారం అదే టీకాల కేంద్రం. మెకానిక్ వేషంలో అప్పుడే వచ్చి ఫ్రిజ్ వెనక నక్కిన ఏజెంట్ డ్వైట్ కోర్లీ చెవిలో పైఅధికారిణి హాస్కెట్ గొంతు ఖంగుమంది.

"కోర్లీ! దేశం మొత్తం మీద తట్టు కేసులు పందొమ్మిది వందల తొంభై ఆరు. సాయంత్రం ఐదింటికి కొత్త లెక్క. రెండు వేలు చేరుతుందని, జరగబోయేవాటి మీద పందాలు కాసే అంచనాల మార్కెట్లో ఒక విదేశీ ముఠా డబ్బు కుమ్మరించింది. వాళ్లకి ఇంకో నాలుగు కావాలి."

"నాలుగేంటి మేడమ్?"

"నలుగురు పిల్లలు."

డ్వైట్ పదిహేనేళ్లలో బాంబులమ్మేవాళ్లని చూశాడు, దేశాన్ని అమ్మేవాళ్లని చూశాడు. పసివాళ్ల ఒంటి మీద దద్దుర్లు లెక్కపెట్టి పందెం కాసే వెధవల్ని చూడటం మాత్రం ఇదే మొదలు.

"ముఠాలో మన మనిషి ఉంది. సెలెస్ట్ వర్గా. కేసుల అంచనాలు కట్టే నిపుణురాలిగా చేరింది. కోడ్ గుర్తుందా?"

"'ఎన్ని?' అనడగాలి. ఆవిడ 'ఒక్కటైనా ఎక్కువే' అనాలి."

"ఈమధ్య ఆవిడ మన ఫోన్ ఎత్తట్లేదు. కాస్త చూసుకో."

అంతలో నర్సు ఓపల్ పరుగెత్తుకొచ్చింది. ఆమె డ్వైట్ చెల్లెలే.

"అన్నయ్యా, టీకాల పెట్టె లేదు! గంట క్రితమేగా వచ్చింది!"

ఆమె ఏడునెలల కూతురు జోసీ ఆదివారం చర్చి భోజనాల్లో తట్టు ఉన్నామె పక్కనే ఉంది. డెబ్బై రెండు గంటల్లోపు టీకా పడితే గండం తప్పే అవకాశం ఉంది. ఆ గడువు ఇవాళ పన్నెండున్నరతో సరి. జిల్లా మొత్తానికి మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

"ఎవరొచ్చారు?"

"ఎర్ర టోపీ పెట్టుకుని ఒక సోకులాడి. తనిఖీ అంది. నమూనాల గదిలోకి కూడా దూరింది. అక్కడ టీకా సీసా ఒకటి ఖాళీగా పడుంది. ల్యాబ్ వ్యాను అప్పుడే నమూనాలు తీసుకుని వెళ్లిపోయింది."

డ్వైట్‌కి అర్థమైంది. టీకాలో ఉండేదీ తట్టు వైరసే. నాలుగు స్వాబ్‌లు అందులో ముంచితే నాలుగు పాజిటివ్‌లు.

"వ్యాన్ని ఆపు, కోర్లీ!" ఓపల్‌కి కూడా వినబడేంత గట్టిగా హాస్కెట్ అరిచింది.

పెట్టెలోని ఉష్ణోగ్రత పరికరం తన జాడని ఓపల్ ఫోన్‌కి పంపుతోంది: హైవే మోటెల్, ఆరు డిగ్రీలు. ఎనిమిది దాటితే టీకా పారబోయాల్సిందే. వ్యాను తూర్పుకి వెళ్తోంది. మోటెల్ పడమర.

"వ్యాన్ని పోనీ అన్నయ్యా," అంది ఓపల్. "టీకా వైరస్ జాతి వేరు. ల్యాబ్‌లో రెండో పరీక్షకి తెలిసిపోతుంది. దాన్ని లెక్కలో వెయ్యరు. ఆ సోకులాడికి ఇది తెలీదులా ఉంది."

"మేడమ్, నేను పడమరకే," అని డ్వైట్ చెవిలోని పరికరం పీకేశాడు.

మోటెల్ గదిలో కిటికీ గట్టు మీద, ఎండలో, మూత తీసి ఉంది పెట్టె. ఏడున్నర డిగ్రీలు. సెలెస్ట్ ఎర్ర టోపీ పక్కన పడేసి, మంచం మీద కాళ్లు చాపుకుని ఫోన్‌లో మార్కెట్ చూస్తోంది.

"మీవాణ్నే," అన్నాడు డ్వైట్. "ఎన్ని?"

ఆమె తలైనా ఎత్తలేదు. "రెండు వేలు."

నాలుక కరుచుకునేసరికి చేతికి బేడీ పడింది.

"టీకాలు ఎండలో ఎందుకు పెట్టావు?"

"వచ్చే వారం మార్కెట్ కూడా ఉందిగా, బంగారం. అప్పటికి కేసులు పెరగాలిగా," అని నవ్వింది.

డ్వైట్‌కి ఆమెను ముట్టుకున్న చేతిని అప్పటికప్పుడు సబ్బుతో తోముకోవాలనిపించింది. కానీ పరికరం ఏడూ ముప్పావు చూపిస్తోంది. పెట్టె మూత బిగించి, మోటెల్ ఐసంతా దాని చుట్టూ పోసి, సెలెస్ట్‌ని వెనక సీట్లోకి తోసి, బండి ఎగరేశాడు.

పన్నెండూ ఇరవై ఆరుకి జోసీ తొడలో సూది దిగింది.

సాయంత్రం ఐదింటికి లెక్క బయటికొచ్చింది. పందొమ్మిది వందల తొంభై ఆరు, అంతే. ఆ నాలుగు నమూనాల్నీ ల్యాబ్ అవతల పారేసింది.

హాస్కెట్ ఫోన్ చేసింది. కోపం ఇంకా చల్లారలేదు. లైన్‌లో ఉన్నది కోర్లీయేనని తేల్చుకోవాలిగా.

"ఎన్ని?" అంది కటువుగా.

సూది పడ్డచోటు ఇంకా సలుపుతుంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్న జోసీని డ్వైట్ ఇంకో భుజానికి మార్చుకుని, ఫోన్‌ని ఆ ఏడుపుకి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఒక్కటైనా ఎక్కువే, మేడమ్. వినండి."